వయొలిన్ పార్టులో ‘డివ్.’ అని ఉంటే ఒక్కొక్కరూ రెండు స్వరాలూ వాయించాలా?

ప్రశ్న: ఒక భక్తిగీతానికి స్ట్రింగ్స్ (వయొలిన్ కుటుంబపు తీగ వాద్యాల భాగాలు) రాస్తున్నాను. 8 వయొలిన్లు (4 ఫస్ట్, 4 సెకండ్), 2 వయోలాలు, 2 చెల్లోలు. నమూనాగా చూస్తున్న స్కోరులో (అన్ని వాద్యాల స్వరలిపి ఉన్న ప్రతి) ఫస్ట్ వయొలిన్లకు రెండేసి స్వరాలు, పైన ‘డివ్.’ అని ఉంది. కొన్ని బార్ల (తాళపు గడుల) తర్వాత ‘యూనిస్.’ వచ్చింది. ఫ్లూట్ల దగ్గర మాత్రం ‘ఎ 2’ అని ఉంది. రెండూ ఒకటేనా? కంప్యూటర్లో వాయిస్తే ఆ నాలుగు బార్లూ హార్మోనియంలా మోగుతున్నాయి, ఎందుకు?

జవాబు: ఒకటి కాదండీ. డివ్. అంటే డివిజీ. సెక్షన్ రెండుగా విడిపోతుంది, ఒక్కొక్కరు ఒక్క స్వరమే వాయిస్తారు. స్వరలిపి పెట్టుకునే ఒక స్టాండుకు ఇద్దరు కూర్చుంటారు కదా, ప్రేక్షకుల వైపు ఉన్నవారిది పై స్వరం, లోపలివారిది కింది స్వరం. యూనిస్. దగ్గర అందరూ మళ్ళీ ఒకే లైనుకు వస్తారు. ఆ మాట తప్పకుండా రాయండి, లేకపోతే రిహార్సల్ ఆపి మరీ అడుగుతారు.

ఫ్లూట్ల ‘ఎ 2’ అంటే ఇద్దరూ కలిసి ఒకే స్వరం. స్ట్రింగ్స్‌లో ‘డివ్. ఎ 2’ అని కనిపిస్తే మాత్రం రెండు భాగాలుగా విడిపొమ్మని, ‘డివ్. ఎ 3’ అంటే మూడు. గందరగోళమంతా ఇక్కడే.

ప్రతి ఒక్కరూ రెండు తీగల మీద రెండు స్వరాలూ పట్టాలంటే ‘నాన్ డివ్.’ అని రాయాలి.

మరొకరు: నాన్ డివ్. రాసే ముందు తీగలు చూసుకోండి. వయొలిన్ కింది తీగ జి, దాని పైది డి. జి, దాని పైనున్న బి రెండూ కింది తీగ మీదే దొరుకుతాయి, కాబట్టి ఒకే మనిషి రెండూ కలిపి పలికించలేరు. అక్కడ డివ్. తప్ప దారి లేదు. కర్ణాటక పద్ధతిలో స ప స ప శ్రుతి చేసుకున్న వయొలిన్లు సెక్షన్లో ఉంటే మీ లెక్కలన్నీ మారిపోతాయి. అప్పుడు డబుల్ స్టాపుల (ఒకరే రెండు తీగలు కలిపి వాయించడం) జోలికి పోకపోవడమే మేలు.

ఇంకొకరు: నన్నడిగితే ఈ పాటకు డివ్. వద్దు. 4 ఫస్ట్ వయొలిన్లను చీలిస్తే స్వరానికి ఇద్దరే మిగులుతారు. ఒకే స్వరానికి ఇద్దరంటే అన్నిటికన్నా ఇబ్బంది: శ్రుతిలో వెంట్రుకవాసి తేడా ఉన్నా అల అలగా వణుకు వినిపిస్తుంది, పై స్థాయిలో మరీ. ముగ్గురైతే కలిసిపోతుంది, ఒక్కరైతే అసలు గొడవే లేదు. పై స్వరం ఫస్ట్‌లకు, రెండోది సెకండ్‌లకు, మూడోది కావాలంటే వయోలాలకు ఇవ్వండి. 1850లో తొలిసారి ప్రదర్శించిన వాగ్నర్ ఒపెరా ‘లోహెన్‌గ్రిన్’ ప్రీలూడ్‌లో (ఆరంభ సంగీతంలో) 4 సోలో వయొలిన్లు పోను మిగతావి మళ్ళీ 4 భాగాలవుతాయి. అది పెద్ద ఆర్కెస్ట్రాకు రాసింది, 8 మందితో ఆ నిండుతనం రాదు.

ఇక కంప్యూటర్ సంగతి. 16 వయొలిన్లు కలిపి రికార్డు చేసిన ప్యాచ్‌లో (కంప్యూటర్ వాయించే వాద్య ధ్వని) రెండు స్వరాలు నొక్కితే 32 వయొలిన్లు మోగినట్టు. స్వరలిపి రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌లో డివ్. అని టైప్ చేసినంత మాత్రాన ప్లేబ్యాక్ మారదు. రెండు ట్రాకులు చేసి ఒక్కోదానికి చిన్న సెక్షన్ ప్యాచ్ పెట్టండి. స్పిట్‌ఫైర్ ఛేంబర్ స్ట్రింగ్స్ అనే ధ్వనుల లైబ్రరీలో ఫస్ట్ వయొలిన్లు 4, మిగతా సెక్షన్లు 3 చొప్పున ఉంటాయి, మీ పనికి దగ్గర. పెద్ద ప్యాచ్ ఒక్కటే ఉంటే ఒక్కో ట్రాకు ధ్వని 3 డీబీ (డెసిబెల్స్) తగ్గించండి, మూడు భాగాలైతే దాదాపు 5. ధ్వని అదుపులోకి వస్తుంది గానీ ఆ మందం పోదు.

అడిగినవారు: సరేనండీ, ఫస్ట్, సెకండ్‌లకే పంచుతాను. చెల్లోలకు ఒకచోట మాత్రం డివ్. కావాలి. ఒకే స్టాఫ్ (స్వరాలు రాసే అయిదు గీతల వరుస) మీద రాయొచ్చా?

జవాబు: రాయొచ్చు. ఇద్దరికీ లయ ఒకటే అయితే రెండు స్వరాలకూ ఒకే కాడ (స్వర గుర్తుకు ఉండే నిలువు గీత) చాలు. లయ వేరైతే పైవారికి కాడ పైకి, కిందివారికి కిందికి. లైన్లు ఒకదాన్నొకటి దాటుతుంటే రెండు స్టాఫ్‌లు చేయండి. ఆ డివ్. పేజీ చివర పడకుండా చూసుకోండి. పేజీ తిప్పేది లోపలివారు, అంటే కింది స్వరం వాయించేవారే. మీకున్నది రెండు చెల్లోలే కాబట్టి వారు చెయ్యి తీస్తే ఆ స్వరం పూర్తిగా మాయమవుతుంది. తిప్పే ముందు కనీసం ఒక బార్ విరామం ఇవ్వండి.