బుద్ధుడి బండ దగ్గర పడవలు వారానికి ఒక రోజు ఆపాలా?

చెరువుగట్టు (రాత్రి 9:40)

హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధ విగ్రహం ఉంది కదా, దాని కాళ్ల కింద ఉన్న రాయి గురించి ఈ చర్చ. బుద్ధుణ్ణి అందరం చూస్తాం, రాయిని ఎవరం పట్టించుకోం. దానికో పేరు కూడా ఉంది, జిబ్రాల్టర్ రాక్. పేరు వింటేనే తెలుస్తుంది, ఎవరు పెట్టి ఉంటారో.

1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ ఈ చెరువు కట్టించాడు. కట్ట పడకముందు ఇది దీవి కాదు. మన ఊళ్లో ఎక్కడ చూసినా ఉండే బండల్లో ఇదీ ఒకటి. చుట్టూ నీళ్లు చేరాక దీవి అయింది. ఇప్పుడు దాని మీద కాంక్రీటు వేదిక, రెయిలింగ్, లైట్లు. ఈసారి వెళ్లినప్పుడు అసలు రాయి ఎంత కనిపిస్తుందో చూడండి.

పోయిన నెల ఊరి నుంచి మా అత్తయ్య వస్తే లుంబినీ పార్కులో పడవ ఎక్కించి తీసుకెళ్లా. ఆవిడ విగ్రహం చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటే నేను రెయిలింగ్ దగ్గర నిలబడ్డా. కింద నీటి అంచున ఒక నీటికాకి. రెక్కలు రెండూ చాచి, దండెం మీద బట్టల్లా ఆరబెట్టుకుంటోంది. మెడ దగ్గర ఈకలు ఇంకా తడిసి అతుక్కునే ఉన్నాయి. పక్కన ఒక కుర్రాడు చిప్స్ ప్యాకెట్ చింపితే అది కదల్లేదు. వాడే సెల్ఫీ స్టిక్ కిందికి చాచేసరికి లేచిపోయింది. ఒక చుట్టు తిరిగి మళ్లీ దిగబోయింది కానీ ఈలోగా ఇంకో పడవ వచ్చి ఆగింది.

నా ప్రతిపాదన ఇది. వారంలో ఒక రోజు, సోమవారం అనుకుందాం, రాయి దగ్గరికి పడవలు వద్దు. రాత్రి 10 దాటాక అలంకారం లైట్లు ఆపెయ్యాలి. వేదిక మీద ఇకపై ఒక్క ఇటుక కూడా పెరగకూడదు. ఏమంటారు?

కవాడిగూడ (రాత్రి 10:05)

అన్నా, నీకు సోమవారం అంటే సెలవు రోజు. మా మేనమామకు అది కూలి రోజు. ఆయన పడవల మీద పనిచేస్తాడు. వానొస్తే పడవ ఆగుతుంది, గాలొస్తే ఆగుతుంది, వీఐపీ ఎవరైనా వస్తే ఆగుతుంది. ఇప్పుడు పిట్ట కోసం కూడా ఆగాలంటావ్. ఊరంతా కలిసి చెరువును ఖరాబు చేసి, శిక్ష మాత్రం పడవోడికా?

నాలా_పక్కిల్లు (రాత్రి 10:31)

చెరువుగట్టు గారూ, మీ నీటికాకి బాగుంది కానీ రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాస్తున్నారు. నేను మురుగునీటి పనుల్లో ఇరవై ఏళ్లు పనిచేశాను, కాబట్టి కొంచెం పెద్దదిగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఈ చెరువులోకి నాలుగు పెద్ద నాలాలు వస్తాయి. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్. వీటిలో కూకట్‌పల్లి నాలా బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల వైపు నుంచి వస్తుంది. 1930 దాకా ఊరు ఈ చెరువు నీళ్లు తాగిందంటే ఇప్పుడెవరూ నమ్మరు. 1908లో మూసీ వరద వచ్చాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్నాం, అక్కణ్నుంచి నీళ్లు వచ్చాయి, ఈ చెరువు మన అవసరం జాబితాలోంచి పోయింది. అవసరం తీరిన చెరువుకు ఏ గతి పడుతుందో దీనికీ అదే పట్టింది.

ఏమీ చెయ్యలేదని అనను. నాలాల్లో ఎండాకాలం పారే మురుగును చెరువులో పడకుండా మళ్లించి అంబర్‌పేట ప్లాంటుకు పంపే ఏర్పాటు ఉంది. నెక్లెస్ రోడ్డు దగ్గర రోజుకు 2 కోట్ల లీటర్లు శుద్ధి చేసే ప్లాంటు ఉంది. ఇబ్బందల్లా వానాకాలంలోనే. మళ్లింపు పైపు మామూలు రోజుల మురుగుకు సరిపోతుంది, గట్టి వాన పడితే సరిపోదు. అప్పుడు మురుగూ వాన నీరూ కలిసి పైనుంచి దొర్లి చెరువులోకే వస్తాయి. వానాకాలంలో టీవీలో 'పూర్తిస్థాయి నీటిమట్టం 513.41 మీటర్లు దాటింది' అని చెప్పిన ప్రతిసారీ నాకు నీళ్లు గుర్తురావు, ఆ నీళ్లతో పాటు వచ్చినవి గుర్తొస్తాయి.

ఆ మురుగులోని నత్రజని, భాస్వరం తిని నాచు పెరుగుతుంది. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పీల్చుకుంటుంది. చచ్చిన నాచు అడుక్కి చేరి కుళ్లితే ఉన్న కాస్తా పోతుంది. తెల్లారేసరికి చేపలు తేలతాయి. అడుగు బురదలో ఆక్సిజన్ లేక పుట్టే హైడ్రోజన్ సల్ఫైడే మీరు ముక్కు మూసుకునే ఆ కుళ్లిన గుడ్ల వాసన. చేప లేకపోతే మీ నీటికాకి రాయి మీద కూర్చుని ఏం చేస్తుంది, ధ్యానమా? డబ్బు, గొంతు ఏదున్నా నాలాల మీద పెట్టండి. సోమవారాలు తర్వాత చూసుకోవచ్చు.

చెరువుగట్టు (రాత్రి 10:50)

సార్, మీరు చెప్పినదాంట్లో ఒక్కదానికీ నేను ఎదురు చెప్పను. కానీ ఈ వాదన నేను పదేళ్లుగా వింటున్నా. నాలాలు బాగయ్యేదాకా ఏదీ ముట్టుకోవద్దంటే నాలాలూ బాగవవు, మిగతాదీ మిగలదు. లైటు స్విచ్ ఆపడానికి ఏ ప్లాంటూ అక్కర్లేదు కదా.

నిమజ్జనం_బ్యాచ్ (రాత్రి 11:12)

పడవలు, లైట్లు సరే. వినాయక నిమజ్జనం గురించి మాట్లాడే దమ్ము ఉందా ఇక్కడ ఎవరికైనా? లేక మా పండగ దగ్గరికే వస్తారా చివరికి?

నాలా_పక్కిల్లు (రాత్రి 11:20)

దమ్ము దేనికి తమ్ముడూ. 2021లో హైకోర్టు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు ఇందులో వెయ్యొద్దంది, సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి మినహాయింపు ఇచ్చింది. మట్టి విగ్రహాన్ని ఎవరూ వద్దనలేదు. మా ఇంట్లో మట్టి వినాయకుడే, బకెట్లో నిమజ్జనం, ఆ నీళ్లు తులసికోటకు. పండగ ఏడాదికి ఒక్కసారి. నాలా 365 రోజులూ పారుతుంది. నా లెక్క అదే.

మోడరేటర్ (రాత్రి 11:24)

నిమజ్జనం మీద ఇప్పటికే మూడు చర్చలు నడిచాయి, మూడూ కొట్లాటతో మూతపడ్డాయి. దయచేసి ఇక్కడ రాయి గురించే మాట్లాడండి.

అశోక్‌నగర్_మాస్టారు (ఉదయం 5:55)

నాకు 68 ఏళ్లు. ఈ చర్చలో పడవ అనే మాట ఇన్నిసార్లు చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఎన్టీ రామారావు గారు అమెరికాలో స్వేచ్ఛా విగ్రహం చూసొచ్చి మన దగ్గరా అలాంటిది ఉండాలన్నారు. భువనగిరి దగ్గర రాయగిరిలో ఒకే రాయి దొరికింది. గణపతి స్థపతి గారి ఆధ్వర్యంలో చెక్కారు. 58 అడుగులు. రోడ్డు మీద దాన్ని తెస్తుంటే జనం పెళ్లి ఊరేగింపు చూసినట్టు చూశారు. చెరువులో నిలబెట్టే వేళకు ఆయన ముఖ్యమంత్రిగా లేరు, అది వేరే సంగతి.

1990 మార్చి 10న విగ్రహాన్ని రాయి దగ్గరికి తీసుకెళ్తున్న బల్లకట్టు ఒరిగిపోయింది. విగ్రహం మునిగింది. దానితో పాటు మనుషులు పోయారు. మర్నాడు నేను ట్యాంక్‌బండ్ మీదికి వెళ్లాను. కట్ట పొడుగునా జనం, ఎవరూ మాట్లాడటం లేదు. చూడటానికి అక్కడ ఏమీ లేదు, నీళ్లే. అయినా అందరూ అటే చూస్తున్నారు. బజ్జీల బండివాడు స్టవ్ వెలిగించలేదు, అది నాకు బాగా గుర్తు.

తర్వాత రెండేళ్ల ఎనిమిది నెలల పైన విగ్రహం నీటి అడుగునే ఉంది. మా పెద్దమ్మాయి అప్పుడే మాటలు నేర్చుకుంటోంది. బస్సు ట్యాంక్‌బండ్ ఎక్కగానే 'బుద్ధుడు ఈత కొడుతున్నాడా నాన్నా' అనేది. 1992 డిసెంబర్ 1న చెక్కుచెదరకుండా పైకి తీసి ఈ రాయి మీదే నిలబెట్టారు.

రాయిని కాపాడాలంటే నాకు ముందు గుర్తొచ్చేది పిట్టలూ లైట్లూ కాదు. ఆ రోజు పోయినవాళ్ల పేర్లు ఆ వేదిక మీద, రంగు బోర్డు మీద కాకుండా రాతిలో, పడవ దిగగానే కనబడేలా చెక్కించాలి. చెరువుగట్టు గారు ఒక్క ఇటుక కూడా పెరగకూడదన్నారు. ఈ ఒక్క రాతికి ఒప్పుకుంటారా?

చెరువుగట్టు (ఉదయం 7:10)

మాస్టారూ, ఒప్పుకుంటాను. నా మాట వెనక్కి తీసుకుని మరీ.

త్రిశరణం (ఉదయం 8:02)

మాస్టారు గారికి నమస్కారం. నేను బౌద్ధుణ్ణి. మాకు అది టూరిస్టు పాయింటు కాదు. 2006లో దలైలామా గారు వచ్చి పూజ చేసిన చోటు. బుద్ధ పూర్ణిమ సోమవారం వస్తే ఏం చేస్తారు? పిట్టల పేరు చెప్పి మూసేస్తే బుద్ధుడే నవ్వుతాడేమో. లైట్లు ఆపడానికి మాత్రం నాకు అభ్యంతరం లేదు, ఇంకా ఇష్టం కూడా. రంగులు మార్చే లైటు ఆ ముఖం మీద పడితే నాకు ఇబ్బందిగానే ఉంటుంది. వెన్నెల్లో చూశారా ఎప్పుడైనా? ఆ గ్రానైటుకు వేరే వెలుతురు అక్కర్లేదు.

సాగర్_లాంచీ (ఉదయం 9:15)

నాదొక పోలిక. నాగార్జునకొండ వెళ్లినవాళ్లు ఉంటారుగా? అదీ ఇలాంటి దీవే. ఒకప్పుడు కొండ, డ్యాం కట్టాక కొస మాత్రం నీటిపైన మిగిలింది. కింద లోయలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి. నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన కట్టడాల్లో కొన్నింటిని ఇటుక ఇటుకా విప్పి కొండ మీద మళ్లీ పేర్చారు. మ్యూజియం పెట్టారు. దీవి మీద ఊరు లేదు. శుక్రవారం మ్యూజియం మూత, అయినా యాత్రికులు తగ్గిపోయారా? లేదు. గురువారమో శనివారమో వెళ్తారు. అక్కడ వారానికి ఒక రోజు మూత నడుస్తున్నప్పుడు ఇక్కడ సోమవారం ఎందుకు నడవదు?

కవాడిగూడ (ఉదయం 9:40)

అక్కడ మ్యూజియంలో చేసేవాళ్లు నెల జీతగాళ్లు అన్నా. శుక్రవారం మూసినా ఒకటో తారీఖుకు డబ్బులు పడతాయ్. పోలిక అక్కడే తెగింది.

సాగర్_లాంచీ (ఉదయం 9:52)

ఆ ముక్క నిజమే. నేను ఆలోచించలేదు.

నాలా_పక్కిల్లు (ఉదయం 10:20)

నాగార్జునకొండ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. అక్కడ కాపాడినవి వాటి అసలు చోట లేవు, పైకి తెచ్చి పెట్టినవి. ఇక్కడ తలకిందులు. బయటి నుంచి విగ్రహాన్ని తెచ్చి, అసలు ఉన్న రాయిని కప్పేశాం. మన గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లంటారు. దాని మీద కాంక్రీటు వయసు ఒక మనిషి ఉద్యోగ కాలమంత. ఇంజనీరుగా చెబుతున్నా, ఆ కాంక్రీటుకు మరమ్మతు ఎప్పటికైనా రాక తప్పదు. అప్పుడు కొత్తగా పెంచకుండా, అవసరం లేని భాగం తీసేసి అంచుల్లో రాయిని బయటపెట్టొచ్చు. పిట్టకు కూర్చునే చోటు, విగ్రహానికి బలం, రెండూ చూసుకోవచ్చు. నేను చర్చ మొదట్లో నవ్వాను కానీ, ఇది నాలాలకు అడ్డొచ్చే పని కాదు.

కవాడిగూడ (సాయంత్రం 6:30)

మామకు ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించా. సోమవారం మాట చెప్పగానే ముందు ఒక తిట్టు తిట్టాడు, అది ఇక్కడ రాయను. తర్వాత అన్నాడు, నీటికాకులు, తెల్లకొంగలు ఆ రాయి మీద పొద్దున్నే ఉంటాయట, మొదటి పడవ ఇంజిన్ స్టార్ట్ అయ్యేదాకా. ఇంజిన్ చప్పుడు వింటే లేస్తాయి, మనిషిని చూసి కాదట. మళ్లీ ఆఖరి పడవ వెళ్లాక వస్తాయట. 'రోజూ మొదటి పడవ గంట ఆలస్యంగా తియ్యమను, కూలి పోదు, పొద్దున ఎట్లాగూ జనం ఉండరు' అన్నాడు. ఇదేమన్నా కుదురుతదా?

చెరువుగట్టు (సాయంత్రం 6:48)

మీ మామకు దండం పెట్టానని చెప్పు తమ్ముడూ. నా సోమవారం తీసేస్తున్నా, ఆ గంట చాలు. ఇప్పుడు అడగాల్సినవి ఇవే: పొద్దున ఆ గంట, రాత్రి 10 తర్వాత చీకటి, మరమ్మతు వచ్చినప్పుడు రాయి అంచులు వదలడం, మాస్టారు చెప్పిన పేర్లు. అర్జీ నేను రాస్తా. నాలాల పేరా సార్ రాయాలి, నాకు చేతకాదు.

నాలా_పక్కిల్లు (సాయంత్రం 7:05)

రాస్తాను. కానీ అర్జీలో అన్నిటికన్నా పైన అదే ఉండాలి.

చెరువుగట్టు (సాయంత్రం 7:09)

పైన మాస్టారు చెప్పిన పేర్లు ఉంటాయి సార్. మీది రెండోది.

నాలా_పక్కిల్లు (సాయంత్రం 7:31)

సరే.

త్రిశరణం (సాయంత్రం 7:40)

ఆదివారం పొద్దున ఆరింటికి ట్యాంక్‌బండ్ మీద నిలబడి ఆ గంటలో ఎన్ని పిట్టలు వాలతాయో లెక్కపెడదామా? అర్జీలో రాసుకోవచ్చు. నా దగ్గర బైనాక్యులర్స్ ఉన్నాయి.

అశోక్‌నగర్_మాస్టారు (సాయంత్రం 8:15)

నేనూ వస్తాను. నా కళ్లకు అంత దూరం ఆనదు, లెక్క రాసిపెడతాను. ఆ వేళకు బజ్జీల బండి ఉండదు, ఫ్లాస్కులో టీ ఎవరైనా తెండి.