అప్‌డేట్: కాలిపోయిన 15 అంగుళాల వూఫర్ సంగతి

గుంటూరులో మా సౌండ్ బాక్సులో వూఫర్ (బేస్ వాయించే పెద్ద స్పీకర్) పోయిందని, దాని బదులు ఇంకా ఎక్కువ వాట్లది ఏదైనా వేసెయ్యొచ్చా అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

పాతది విప్పాను. డస్ట్ క్యాప్ (స్పీకర్ మధ్యలో ఉండే గుండ్రటి మూత) కోయగానే కాలిన వార్నిష్ వాసన గుప్పుమంది. వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) నల్లగా మాడి, చుట్లు ఊడి మాగ్నెట్ గ్యాప్‌లో ఇరుక్కున్నాయి. కోన్ మాత్రం చెక్కుచెదరలేదు. మీరన్నట్టు వేడే చంపింది. ఊరేగింపులో, ఆంప్ శక్తికి మించి వాయిస్తోందని చెప్పే క్లిప్ లైటు ఆరకుండా వెలుగుతున్నా నేను వాల్యూమ్ తగ్గించలేదు. రాగి కాయిల్ మరో 200 డిగ్రీలు వేడెక్కితే రెసిస్టెన్స్ దాదాపు 80 శాతం పెరుగుతుంది. దాంతో సౌండ్ పడిపోతుంది, మనం ఇంకా పెంచుతాం. అక్కడే కాలిపోతుంది.

విజయవాడ వెళ్తే షాపులో వెయ్యి వాట్లదే తీసుకోమన్నారు. దాని వ్యాస్ (కోన్ సస్పెన్షన్ బిగువును గాలి పరిమాణంగా చెప్పే లెక్క), క్యూటీఎస్ (కోన్ ఊగడం ఎంత అదుపులో ఉంటుందో చెప్పే అంకె) మా పెట్టెకు అస్సలు కుదరవు. రెసొనెన్స్‌తో (కోన్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) సహా మూడూ పాతదానికి దగ్గరగా ఉన్న 600 వాట్లదే తెచ్చాను. 8 ఓమ్స్ స్పీకర్ కదా, మీటర్ 5.6 చూపించింది. టెన్షన్ పడకండి, మీటర్ కొలిచేది డీసీ రెసిస్టెన్స్, అది పేరుకు చెప్పే 8 ఓమ్స్ కంటే అలా తక్కువే ఉంటుంది.

పెట్టె పోర్టు (గాలి రంధ్రం) ట్యూనింగ్ 40 హెర్ట్జ్. అంతకంటే కింద కోన్‌కు గాలి పట్టు ఉండదు కాబట్టి 35 దగ్గర హైపాస్ (కింది శబ్దాలను తగ్గించే ఫిల్టర్) పెట్టాను. నిన్న రాత్రి మూడు గంటలు వాయించాం. బేస్ గట్టిగా, శుభ్రంగా వచ్చింది.