రియాద్ ఆఫర్: ఫ్యామిలీతో రావచ్చా?

అందరికీ నమస్కారం. మాది కరీంనగర్. హైదరాబాద్‌లో ప్లానింగ్ ఇంజినీర్‌గా 9 ఏళ్లు చేశాను. రియాద్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ నెలకు 11,000 రియాళ్లు ఇస్తానంటోంది, అన్నీ కలిపి. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. "విజన్ 2030 ప్లాన్ వచ్చాక సౌదీ ఆయిల్ మీద ఆధారపడటం మానేసింది, పదేళ్లు ఢోకా లేదు" అంటున్నాడు ఏజెంట్. నమ్మవచ్చా?

——

తమ్ముడూ, ఏజెంట్ చెప్పింది సగమే నిజం.

దేశం మారిన మాట వాస్తవం. నేను 2013లో వచ్చినప్పుడు సినిమా హాలు లేదు, ఆడవాళ్లు కారు నడపకూడదు. 2018లో రెండూ మారాయి. ఇప్పుడు నేను మెట్రోలో ఆఫీసుకి పోతున్నా. కానీ మన కన్‌స్ట్రక్షన్‌కి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడు. పెద్ద ప్రాజెక్టులన్నీ సర్కారువి, లేదంటే సర్కారు ఫండ్ పీఐఎఫ్‌వి. ఆ ఖజానాకి ఇప్పటికీ పెద్ద దిక్కు ఆయిలే. జీడీపీలో నాన్-ఆయిల్ వాటా సగం దాటిందంటారు, నిజమే. కాకపోతే ఆయిల్ డబ్బుతో మనం పోసే కాంక్రీటు కూడా ఆ నాన్-ఆయిల్ లెక్కలోకే వస్తుంది.

2014 మధ్యలో బ్యారెల్ 100 డాలర్ల పైన ఉండేది. 2016 జనవరికి 30 కిందికి పడింది. తమాషా ఏంటంటే, అదే సమయంలో ఇక్కడ బంకుల్లో పెట్రోల్ రేటు పెరిగింది, సబ్సిడీ కోశారు కాబట్టి. ముందు మాకేమీ అనిపించలేదు. తర్వాత సర్కారు నుంచి మెయిన్ కాంట్రాక్టరుకి బిల్లులు లేటయ్యాయి, ఆయన మా కంపెనీకి ఆపాడు, కంపెనీ మాకు ఆపింది. 5 నెలలు జీతం లేదు. నాకు కాస్త దాచుకున్నది ఉంది కాబట్టి నెట్టుకొచ్చా. క్యాంపులో ఉన్న జగిత్యాల, సిరిసిల్ల పిల్లలు ఇంటికి ఫోన్ చేయడానికే భయపడేవాళ్లు, అప్పులకి మిత్తి (వడ్డీ) కట్టాలి మరి.

అందుకే హెచ్‌ఆర్‌ని అడుగు: క్లయింట్ ఎవరు? పని మొదలైందా, టెండర్‌లోనే ఉందా? ఆ ఒక్క ప్రాజెక్టు ఆగితే నిన్ను పెట్టడానికి ఇంకో సైటు ఉందా? 2023 డిసెంబర్‌లో ఆర్థికమంత్రి అల్ జదానే కొన్ని ప్రాజెక్టులను 2030 తర్వాతకు జరుపుతున్నామన్నారు.

ఇక ఫ్యామిలీ. 2017 జులైలో డిపెండెంట్ ఫీజు పెట్టారు, తలకు నెలకు 100 రియాళ్లు. ఏటా వంద పెంచుకుంటూ 2020కి 400 చేశారు. నీకు ముగ్గురు కాబట్టి ఏడాదికి 14,400. కంపెనీ కట్టకపోతే నెలన్నర జీతం కంటే తక్కువే, కానీ అద్దె, స్కూలు ఫీజులు దీనికి అదనం. వ్యాట్ 2018లో 5 శాతంతో మొదలై, 2020 జులైలో ఒక్కసారిగా 15 అయింది. ఆయిల్ రాబడి తగ్గితే సర్కారు వెతుక్కున్న కొత్త రాబడిలో మనమూ ఉన్నామన్నమాట.

——

అన్నయ్య మరీ భయపెట్టేశారు 🙂 నేను దమ్మామ్‌లో హాస్పిటల్ ఐటీలో ఉన్నాను, 2016లో మాకు ఒక్క నెల కూడా జీతం ఆగలేదు. అన్ని రంగాలూ ఒకటి కాదు.

ఇంకో మాట. కంపెనీ బాగోకపోతే ఇరుక్కుపోతామన్న రోజులు కొంత పోయాయి. 2021 మార్చిలో రూల్స్ మార్చారు. ఏడాది పూర్తయ్యాక నోటీసు ఇచ్చి, పాత యజమాని ఒప్పుకోకపోయినా వేరే కంపెనీకి మారవచ్చు. అందుకే మీ కాంట్రాక్టు సర్కారు కార్మిక శాఖ వాళ్ల కివా పోర్టల్‌లో ఎక్కిందో లేదో చూసుకోండి. ఇకామాలో (ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) ప్రొఫెషన్ ఇంజినీర్ అనే ఉండాలి. లేబర్ అని వేసి "తర్వాత మారుస్తాం" అంటే ఒప్పుకోకండి.

రియాద్‌లో అద్దెలు బాగా పెరిగిపోయాయి. 2025 సెప్టెంబర్‌లో ఐదేళ్లు పెంచకూడదని ఆపారు గానీ, పెరిగినవి దిగవు కదా.

——

అన్నా, అక్కా, థ్యాంక్స్. అడిగాను. పని నడుస్తోందట, క్లయింట్ సర్కారేనట. డిపెండెంట్ ఫీజు కంపెనీ కట్టదట. ముందు నేనొక్కణ్నే వస్తున్నా. పిల్లలకి ఇక్కడ విద్యా సంవత్సరం అయ్యాక చూస్తాం. రూమ్ షేరింగ్ ఏమైనా ఉంటే చెప్పండి.

——

మా బిల్డింగ్‌లో మనవాళ్ల రూమ్ ఒకటి ఖాళీ అవుతోంది, అడిగి చెప్తా. డిగ్రీ సర్టిఫికెట్ అటెస్టేషన్ మాత్రం అక్కడే పూర్తి చేసుకునిరా. ఇంజినీర్ల కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కి అడుగుతారు, ఇక్కడికొచ్చాక ఇంటికి పంపి చేయించాలంటే తలనొప్పి. వచ్చిన మొదటి శుక్రవారం బత్హా బజారుకి రా, సిమ్ కార్డు, సోనా మసూరి రెండూ అక్కడే దొరుకుతాయి.