ఇంట్లో అందరం కలిసి పుస్తకం చదవాలంటే ఎట్టా మొదలుపెట్టాలి?

కావలి నుంచి ఒక అమ్మ:
మాకు ఇద్దరు పిలకాయలు. పాప ఏడో తరగతి, బాబు నాలుగు. ఇద్దరిదీ ఇంగ్లీషు మీడియమే. మా ఆయనకి రొయ్యల గుంటల మీద పని, సీజన్‌లో రాత్రుళ్ళు గుంట దగ్గరే పడుకోవాలి. అన్నాలయ్యాక ఇంట్లో ఎవరి మూల వాళ్ళది. పిల్లలు ఫోన్లో, అత్తమ్మ సీరియల్లో, నేను వంటింట్లో.

రోజూ కాసేపు అందరం ఒక పుస్తకం చుట్టూ కూర్చోవాలని నాకు గట్టిగా ఉంది. కానీ బాబు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, రెండు లైన్లకే విసుగు. చిన్నపిల్లల కథలంటే పాపకి నామోషీ. అత్తమ్మేమో "అక్షరం ముక్క రాని దాన్ని, నాకెందుకమ్మా పుస్తకాలు" అని లేచిపోతుంది. అందరికీ నచ్చేలా ఏ పుస్తకం తీసుకోవాలి? మీ ఇళ్ళలో చదువుకునేవాళ్ళు ఉంటే చెప్పండి.

తెలుగు మాస్టారు (రిటైర్డ్), నెల్లూరు:
అమ్మా, ముందు మీ అత్తగారి సంగతి చూద్దాం. మన ఊళ్ళలో చదువు రానివాళ్ళు కూడా పుస్తకానికి దూరంగా లేరు. గుడి మండపంలో ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు చుట్టూ కూర్చుని వినేవాళ్ళు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించేవాళ్ళు. విన్నవాళ్ళలో చాలామందికి సంతకం చేయడం కూడా రాదు. అయినా కీచకుడు ఎప్పుడొస్తాడో, ఉత్తరకుమారుడు ఎక్కడ పారిపోతాడో వాళ్ళకి కంఠతా వచ్చు. ఆ విరాటపర్వం మొదలుకుని భారతంలో చివరి పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కన 13వ శతాబ్దంలో మన నెల్లూరులోనే, మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు. మీ అత్తగారిని ఒకసారి అడిగి చూడండి. ఆ కథ ఆమెకి మీకన్నా ఎక్కువే తెలిసి ఉండొచ్చు.

పిల్లల కోసం తేలిక వచనంలో రాసిన భారతం ఏదైనా తెచ్చి, సరిగ్గా విరాటపర్వం దగ్గర తెరవండి. పాండవుల మారువేషాలు, వంటవాడిగా భీముడు, నాట్యం నేర్పే బృహన్నల. ఇంట్లో గొప్పలు చెప్పి, తీరా కౌరవసేన కనపడగానే రథం దూకి పరిగెత్తే రాజకుమారుడు. మీ బాబు పగలబడి నవ్వుతాడు. నిండు సభలో సైరంధ్రి వేషంలో ఉన్న ద్రౌపదికి జరిగిన అవమానం మీ పాపకి అర్థమవుతుంది, దాని గురించి అడుగుతుంది కూడా. మధ్యలో ఆపి "తర్వాత ఏమైంది అత్తమ్మా?" అనండి. ఆమె లేచిపోరు.

ఇక చదివే పద్ధతి. మొదట్లో పిల్లల చేత చదివించకండి, మీరే చదవండి. బాబుకి చదవడానికి వచ్చిన తెలుగు కొంచెమే కావచ్చు, విని అర్థం చేసుకునే తెలుగు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. వాడి చేత చదివిస్తే కథ ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర ఆగిపోతుంది. మీ పక్కనే కూర్చోబెట్టుకుని పుస్తకం ఇద్దరికీ కనపడేలా పట్టుకోండి, వాడి కళ్ళు అక్షరాల వెంట వాటంతటవే నడుస్తాయి. కొన్నాళ్ళు పోయాక ఉత్తరకుమారుడి మాటలు వాడికి వదిలేయండి. తప్పు చదివితే దిద్దవద్దు. మళ్ళీ ఆ మాట మీ వంతులో వచ్చినప్పుడు మీరు సరిగ్గా పలికితే చాలు.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. చదివాక ప్రశ్నలు అడగవద్దు. అర్థం చెప్పమనడం, నీతి ఏమిటనడం అసలే వద్దు. అవి బడిలో రోజంతా ఉంటాయి. మా ఇంట్లో నేను పట్టుబట్టిన నియమం ఇదొక్కటే. నా మనవరాలు ఇవాళ్టికీ తనే పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెడుతుంది.

ఒంగోలు నాన్న:
మాస్టారు చెప్పింది నిజం. పాప పెద్దదవుతోంది కాబట్టి జీవితకథలు కూడా చూడండి అక్కా. మేము ప్రకాశం పంతులుగారి 'నా జీవిత యాత్ర'లో చిన్ననాటి భాగాలు చదువుకున్నాం. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపి ఆయన్ని పెంచింది. అది వింటూనే మా అమ్మ తన చిన్నప్పటి ఒంగోలు కబుర్లు ఎత్తుకుంది. ఆ రాత్రి మళ్ళీ పుస్తకం తీయలేదు, తీయాలని ఎవరికీ అనిపించలేదు. జిల్లాకి 1972లో ఆయన పేరు పెట్టారని చెబితే మా వాడు "మనం రోజూ రాసేది ఈయన పేరేనా!" అన్నాడు.

గుంటల మీద మనిషి:
చెల్లెమ్మా, మీ ఆయన్ని లెక్కలోంచి తీసేయకండి. నాదీ అదే పని. రాత్రి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరిగితే ఫోన్లో మాట సరిగా వినపడదు. అందుకని సాయంత్రమే షెడ్డులో కూర్చుని రెండు పేజీలు చదివి వాట్సాప్‌లో వాయిస్ పెడతాను. పిల్లలు అన్నాల దగ్గర వింటారు. అదే పుస్తకం రెండు కాపీలు కొన్నాం, ఒకటి నా దగ్గరే ఉంటుంది.

కావలి నుంచి ఒక అమ్మ:
అందరికీ దండాలు. అత్తమ్మని అడిగాను మాస్టారూ. వాళ్ళ పుట్టింటి ఊళ్ళో విరాటపర్వం చదివేవాళ్ళంట. కీచకుడి వధ మొత్తం చేతులు తిప్పుతూ చెప్పింది, పాప ఫోన్ పక్కన పెట్టి విన్నది. మా ఆయన కూడా వాయిస్ పెడతానన్నారు. మరి పిల్లలు వాళ్ళంతట వాళ్ళు చదువుకోవడానికి తేలిక పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? అన్నీ కొనాలంటే కష్టం.

లైబ్రరీకి వెళ్ళే అక్క, కందుకూరు:
ఇంటి పన్నుతో పాటు మనం గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం, కాబట్టి ముందు మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళండి. పిల్లల పుస్తకాల బీరువాకి తాళం వేసి ఉంటే అడిగి తీయించండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, అప్పుడు ఇద్దర్నీ తీసుకెళ్ళండి. ఫోన్లో అయితే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితం. స్థాయిల వారీగా ఉంటాయి, బాబుకి ఒకటి రెండు స్థాయిలు సరిపోతాయి. కొనదలిస్తే నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు, హైదరాబాదులోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి చూడండి. లైబ్రరీలో మాత్రం పిల్లలిద్దరికీ విడివిడిగా సభ్యత్వం తీసుకోండి. ఎవరి పుస్తకం వాళ్ళే ఎంచుకోవాలి, అది మీకు నచ్చకపోయినా సరే.