రైఫిల్ స్కోప్‌లో గీత సరిగ్గానే పెట్టాను, బుల్లెట్ పైనించి పోయింది. ఏ రెటికిల్ (స్కోప్ లోపలి గురి గీతలు) కొనాలి?

డెన్వర్ కుర్రాడు:
అన్నలూ, పోయిన అక్టోబర్లో వయోమింగ్‌లో ప్రాంగ్‌హార్న్ వేటకి వెళ్ళాను. చూడ్డానికి మన కృష్ణజింకకి దూరపు చుట్టంలా ఉంటుంది. (ఊళ్ళో అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు, ట్రెక్కింగ్ అనుకుంటోంది.) రైఫిల్ 6.5 క్రీడ్‌మూర్ (తూటా రకం), 143 గ్రెయిన్ బరువు బుల్లెట్, 100 గజాలకి జీరో (అంటే ఆ దూరంలో నడిమి గీత పెట్టిన చోటే తగులుతుంది). స్కోప్ 4-16 (4 నుంచి 16 రెట్ల జూమ్), మిల్ గీతల రెటికిల్ (మిల్ అంటే కోణం కొలత, 100 గజాల్లో 3.6 అంగుళాలు).

మధ్యాహ్నం ఒక పోతు 400 గజాల్లో పక్కకి తిరిగి నిలబడింది. 16లో చూస్తే ఎండ వేడికి బొమ్మ నీళ్ళలో ఉన్నట్టు ఊగుతోంది. 8కి తగ్గించాను. బుల్లెట్ ఎంత కిందికి దిగుతుందో లెక్కేసే యాప్ 2.3 మిల్ అంది, ఆ గీతే భుజం వెనక పెట్టి నొక్కాను. దాని వెనక గట్టు మీద, బాగా పైన దుమ్ము లేచింది. అది నావైపు ఒకసారి చూసి, తాపీగా నడుచుకుంటూ పోయింది. రెటికిల్ మార్చాలా, నేను మారాలా?

గజాల లెక్క:
మీది సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోప్ అయ్యుంటుంది. అందులో జూమ్ తిప్పితే జింక చిన్నదవుతుంది గానీ గీతలు అలాగే ఉంటాయి. కాబట్టి గీతల కొలత ఒక్క జూమ్ దగ్గరే నిజం, చాలావాటిలో అది చివరి అంకె, మీదాంట్లో 16. 8 అందులో సగం, కాబట్టి మీరు 8లో పట్టిన 2.3 అసలు రెట్టింపు, 4.6. 400 గజాల్లో ఒక మిల్ 14.4 అంగుళాలు, అంటే 33 అంగుళాలు ఎక్కువ పట్టారు. పాపం బుల్లెట్ మీరు చెప్పిన చోటికే వెళ్ళింది.

ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో ఈ గొడవ లేదు, గీతలు కూడా జూమ్‌తో పాటే పెరుగుతాయి, తగ్గుతాయి. కొంటే రెటికిల్, టర్రెట్ (గురిని పైకీ కిందికీ జరిపే మర) రెండూ మిల్‌లోనే ఉన్నవి కొనండి. ఒకటి మిల్, ఇంకోటి ఎంవోఏ (ఇంకో కోణం కొలత) అయితే పొలంలో కూర్చుని 3.44తో గుణించుకోవాలి.

ఆస్టిన్ బాబాయి:
తమ్ముడూ, తొందరపడి డబ్బులు పోయకు. నేను ఇక్కడ తెల్లతోక జింకల్ని పొద్దుగూకే వేళ 150 గజాల్లో కొడతాను. ఫ్రెండ్ దగ్గర ఫస్ట్ ఫోకల్ స్కోప్ తీసుకుని 4లో చూస్తే గీతలు సాలెపోగులంత సన్నగా అయిపోయాయి, పొద నీడలో అసలు కనపడలేదు. నడిమి చుక్క వెలిగేదైతేనే ఆలోచించు. క్రిస్మస్ చెట్టులా నిండా చుక్కలున్న రెటికిల్ అయితే జింక కంటే చుక్కలే ఎక్కువ కనిపిస్తాయి, నాకు నచ్చదు.

ఇంకో మాట, తిట్టుకున్నా సరే. వయోమింగ్ గాలిలో 400 గజాలంటే, గంటకి 10 మైళ్ళ అడ్డగాలి చాలు, బుల్లెట్ పది అంగుళాలకి అటూ ఇటూగా పక్కకి పోతుంది. ఆ గాలి తప్పు ఏ రెటికిలూ దిద్దదు. 200 గజాలకి జీరో చేసుకుని, 250 లోపలికి పాక్కుంటూ వెళ్ళు. మామూలు డూప్లెక్స్ (చివర్లు లావుగా, మధ్యలో సన్నగా ఉండే సాదా ప్లస్ గీతలు) చాలు.

డెన్వర్ కుర్రాడు:
లెక్క నమ్మబుద్ధి కాక నిన్న రేంజ్‌కి వెళ్ళి 100 గజాల్లో అట్టకి టేపు నిలువుగా అంటించి చూశాను. 16లో మిల్‌కీ మిల్‌కీ మధ్య 3.6 అంగుళాలు. 8కి తిప్పగానే 7.2. అక్కడే నవ్వొచ్చింది.

ఈ ఏడాదికి స్కోప్ మార్చడం లేదు బాబాయ్. జీరో 200కి మార్చాను, జూమ్ రింగు మీద 16 దగ్గర తెల్ల పెయింట్ చుక్క పెట్టాను. మోకాళ్ళకి ప్యాడ్లు కొన్నాను.