పన్నెండేళ్లకు శుక్లాలు తీస్తే మెదడు చూడటం నేర్చుకుంటుందా?

సందేహి: మా ఊళ్లో ఒక అమ్మాయికి పుట్టుకతోనే రెండు కళ్లలోనూ శుక్లాలు. ఇప్పుడు పన్నెండేళ్లు. మెదడు నేర్చుకునే గడువు దాటిపోయింది, ఇక ఆపరేషన్ దండగ అని ఎవరో చెప్పారట. ఇంట్లోవాళ్లు ఆగిపోయారు. ఈ గడువు మాట నిజమేనా?

జీవశాస్త్రం మాస్టారు: నిజమే. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ 1960ల తొలినాళ్లలో పిల్లికూనల ఒక కంటి రెప్పలు కుట్టేసి, కొన్ని నెలల తరువాత విప్పారు. కన్ను బాగుంది, కంటి వెనక తెర రెటీనా బాగుంది. కానీ మెదడులో చూపును గ్రహించే కణాలు ఆ కంటికి స్పందించడం దాదాపుగా మానేశాయి. పెద్ద పిల్లికి అలాగే కుడితే ఏమీ కాలేదు. ఇద్దరికీ 1981లో నోబెల్ వచ్చింది. పసికందులకు శుక్లాలుంటే మొదటి వారాల్లోనే తీయాలని డాక్టర్లు తొందరపెట్టేది ఇందుకే.

మూగజీవి: నోబెల్ సరే, ఆ పిల్లికూనల గోడు ఎవరికి పట్టింది?

గోదారిగట్టు: అది వేరే చర్చ, వేరుగా పెట్టండి, నేనూ వస్తాను.
మాస్టారూ, మీరు చెప్పిన ప్రయోగంలో మూసింది ఒక్క కన్నే. తెరిచి ఉన్న కన్ను రెండోదాని చోటు కూడా లాగేసుకుంది. రెండు కళ్లూ మూసినప్పుడు అనుకున్నంత నష్టం జరగలేదని ఆ తరువాత వాళ్లే రాశారు. ఈ అమ్మాయికి రెండు కళ్లకూ శుక్లాలే కదా! ఒంటికంటి లెక్క ఇక్కడ ఎలా వేస్తాం?

ఇక మనుషుల సంగతి. అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు పవన్ సిన్హా మన దేశంలో చూపులేని పిల్లలకు వైద్యం చేయించడానికి మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, ఎనిమిది నుంచి పదిహేడేళ్ల మధ్య చూపు వచ్చిన ఐదుగురిని పరీక్షించారు. ఒక బొమ్మ దిమ్మెను కంటికి కనపడకుండా తడమనిచ్చి, తరువాత రెండు దిమ్మెలు చూపించి, తడిమింది ఏదో చెప్పమన్నారు. చూసినదాన్ని చూసి పోల్చడంలో 92 శాతం సరిగ్గా చెప్పారు. తడిమినదాన్ని చూసి గుర్తించడంలో 58 శాతమే, అంటే బొమ్మా బొరుసుకు కాస్త పైన. కానీ కొద్ది రోజులకే, ప్రత్యేక శిక్షణేమీ లేకుండానే, బాగా మెరుగుపడ్డారు. 2011లో అచ్చయిన ఫలితం ఇది. గడువు దాటిన మెదడు చేసే పనేనా?

జీవశాస్త్రం మాస్టారు: రెండు కళ్ల మాట ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. ఆకారాలు పోల్చడం వచ్చినంత మాత్రాన చూపు వచ్చినట్టు కాదు. మన హైదరాబాదులోనే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, జర్మనీలోని హాంబర్గ్‌కు చెందిన బ్రిగిట్ రోడర్ బృందం కలిసి ఇలాంటివారి మెదడు తరంగాలు చూశారు. మామూలుగా ముఖం కనపడిన 170 మిల్లీసెకన్లకు వచ్చే తరంగం మిగతా వస్తువులకంటే ముఖానికి పెద్దదిగా వస్తుంది. పుట్టుశుక్లాలు తీయించుకున్నవారిలో ఆ తేడా లేదు. శుక్లాలు పుట్టుకతో కాక తరువాత వచ్చినవారిలో ఉంది. మొదటి నెలల్లో పోయినది పోయినట్టే.

కళ్లజోళ్ల దుకాణం: ఇద్దరూ రెండు వేర్వేరు సంగతులు చెబుతూ ఒకదాని మీదే పోట్లాడుతున్నారు. సన్నని అక్షరాలు చదవడం, ముఖం పోల్చడం, అడ్డొచ్చిన బల్లను తప్పుకోవడం, ఇవన్నీ ఒకే తలుపు మూసుకుంటే పోయేవి కావు. ఒక్కోదానికి ఒక్కో గడువు. చూపు రాదని చెప్పినవారు చార్టులో చివరి వరుస గురించి చెప్పి ఉంటారు. ఇంట్లోవాళ్లకు అది చీకటే అని వినపడింది. ఒంటరిగా రోడ్డు దాటగలిగే చూపు ఆ పిల్లకు దండగా?

సందేహి: మరి ఇప్పుడు ఏం అడగాలి?

కళ్లజోళ్ల దుకాణం: టార్చి ఏ వైపు నుంచి వేశారో పిల్ల చెప్పగలదా అని ముందు చూస్తారు. శుక్లం దట్టంగా ఉంటే రెటీనా కనపడదు, అప్పుడు బి-స్కాన్, అంటే కంటికి అల్ట్రాసౌండ్, తీస్తారు. వెనక రెటీనా, కంటి నరం బాగుంటే ఆపరేషన్ గురించి గట్టిగా అడగండి. తరువాత కళ్లజోడు, చూపించుకోవడానికి మళ్లీ మళ్లీ తిరగడం తప్పవని ఇంట్లో ముందే చెప్పండి. చాలామంది అక్కడే వదిలేస్తారు.