అప్‌డేట్: గులాబీ కుండీల మట్టి మార్చాక
వానలు తగ్గాక కుండీల్లో మట్టి గట్టిపడి గులాబీ ఆకులు పసుపెక్కుతున్నాయి, చలికాలం పూలకి ఏం చెయ్యాలి అని అడిగా కదా, చెప్పినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్ అండి. మీరన్నట్టే కుండీ బోర్లించి చూస్తే అడుగు రంధ్రాలు వేర్లతో మూసుకుపోయి నీళ్లు నిలిచిపోయి కొన్ని వేర్లు కుళ్లాయి కూడా, పాపం ఎంత కష్టపడిందో మొక్క. నల్లబడ్డ వేర్లు కత్తిరించి, సగం పాత మట్టి, పావు వంతు వర్మీకంపోస్ట్, పావు ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపి మళ్లీ నాటి వారం నీడలో ఉంచా. మూడు వారాలకి ఎర్ర చిగుళ్లు వచ్చేశాయి!! చామంతికి మాత్రం కొమ్మల చివర్లు తుంచడం ఆపేశా, రాత్రులు పెరిగేకొద్దీ మొగ్గ కడుతుంది కాబట్టి ఇప్పుడు తుంచితే పూలే పోతాయి. బంతి నారు ఇంకా చిన్నగానే ఉంది.